ట్రాక్ కారుకు కొత్త డిస్కులు, కొత్త ప్యాడ్లు: బెడ్డింగ్ ఎంత, ఎలా?

నాలుగో_గేర్

ట్రాక్ డేలకే వాడే 1300 కిలోల హ్యాచ్‌బ్యాక్. ముందు స్లాట్లున్న వెంటిలేటెడ్ డిస్కులు కొత్తవి. నాలుగు చక్రాలకూ ట్రాక్ ప్యాడ్లు, అవీ కొత్తవే. వెనక డిస్కులు మాత్రం పాతవి, ఇప్పటిదాకా వాటి మీద రోడ్డు ప్యాడ్లు నడిచాయి.

ప్యాడ్ పెట్టెలో ఇచ్చిన కాగితంలో రెండు వరసలు ఉన్నాయి. వేగాన్ని గంటకు 100 కిలోమీటర్ల నుంచి 30కి పదిసార్లు తగ్గించమని ఒకటి, 160 నుంచి 60కి ఆరుసార్లు అని దాని కింద ఇంకోటి. మొదటిది ఖాళీ రోడ్డు మీద చేసేసి రెండోది వదిలేస్తే సరిపోతుందా? వెనక డిస్కులు రుద్దితే చాలా, మార్చాలా?

ఇనుప_డిస్కు

నాలుగో గేర్ గారూ, వదిలేయకండి. అసలు పని జరిగేది రెండో వరసలోనే. ఎన్నిసార్లు బ్రేక్ వేశామన్నది లెక్క కాదు, డిస్కు ఎంత వేడెక్కింది, ఆ వేడి చుట్టూరా సమానంగా ఉందా అన్నదే లెక్క.

బెడ్డింగ్ అంటే కొత్త ప్యాడ్లనూ డిస్కులనూ విడతలుగా వేడి చేసి ఒకదానికొకటి సర్దడం. అందులో రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. ఒకటి, ప్యాడ్‌లోని రెజిన్ మొదటిసారి గట్టిగా వేడెక్కినప్పుడు కొంత వాయువుగా బయటికి పోతుంది. అది మెల్లగా పోవాలి. ఒక్కసారిగా వెలువడితే ప్యాడ్‌కూ డిస్కుకూ మధ్య వాయువు పొర చేరుతుంది, పెడల్ గట్టిగానే ఉంటుంది కానీ కారు ఆగదు. దీన్నే గ్రీన్ ఫేడ్ అంటారు. రెండోది, ప్యాడ్ పదార్థం సన్నటి పూతలా డిస్కు ముఖం మీదికి చేరుతుంది. ట్రాక్ ప్యాడ్ వేడి మీద పట్టేది ప్రధానంగా ఈ పూతను. పూత లేకపోతే ప్యాడ్ ఇనుమును గీకుతూ ఆపుతుంది, అప్పుడు రెండూ త్వరగా అరుగుతాయి.

ఇప్పుడు మీ కారుకే లెక్క వేద్దాం. 1300 కిలోల కారును 100 నుంచి 30కి తగ్గిస్తే దాదాపు 456 కిలోజౌళ్ల శక్తి వేడిగా మారుతుంది. అందులో 70 శాతం ముందు బ్రేకులది అనుకుంటే ఒక్కో ముందు డిస్కుకు 160. డిస్కు బరువు 9 కిలోలైతే, పోత ఇనుము విశిష్టోష్ణం ప్రకారం ఒక్కో బ్రేకుకు పెరిగేది 37 డిగ్రీలు. అదే 160 నుంచి 60కి తగ్గిస్తే మొత్తం 1100 కిలోజౌళ్లు, ఒక్కో డిస్కుకు 386, పెరుగుదల 89 డిగ్రీలు.

37 చొప్పున పదిసార్లంటే కాగితం మీద 370. కానీ ప్రతి రెండు బ్రేకుల మధ్యా కారు మళ్లీ 100కి చేరేలోపు డిస్కు చల్లబడుతూనే ఉంటుంది. వేడెక్కేకొద్దీ చల్లబడే వేగం కూడా పెరుగుతుంది కాబట్టి 250 చుట్టూ ఎక్కడో ఆగిపోతుంది. చాలా ట్రాక్ కాంపౌండ్లకు (ప్యాడ్ పదార్థపు మిశ్రమాలకు) 400 నుంచి 500 డిగ్రీలు చూపిస్తే గానీ పూత కుదరదు. మీ మొదటి వరస డిస్కును మెల్లగా వేడికి అలవాటు చేయడానికి, రెండోది పూత వేయడానికి.

రోడ్డు మీద 160 మాట అసలు వద్దు. ట్రాక్ మీద మొదటి సెషన్ మొత్తం దీనికే పెట్టుకోండి.

హబ్_ఫేస్

కారు కదలకముందు చేయాల్సిన పనిని చాలామంది దాటేస్తారు. తర్వాత బ్రేక్ వేస్తే వచ్చే వణుకులో (జడ్డర్) పెద్ద వాటా ఇక్కడ పుట్టేదే.

పాత డిస్కు తీశాక, డిస్కు బిగించే హబ్ ముఖాన్ని వైర్ బ్రష్‌తో మెరిసేదాకా తోమండి. స్టడ్‌ల మొదట్లో, మధ్య బొడిపె చుట్టూ తుప్పు గట్టిగా కూర్చుని ఉంటుంది, బ్రష్ అక్కడికి సరిగా వెళ్లదు. సన్న గరుకు కాగితాన్ని వేలికి చుట్టి ఆ మూలలు తీయాలి. అక్కడ చిన్న పొలుసు మిగిలినా డిస్కు అంచుకు వచ్చేసరికి తేడా పెద్దదవుతుంది.

కొత్త డిస్కు మీద తుప్పు పట్టకుండా నూనె పూసి పంపుతారు. బ్రేక్ క్లీనర్‌తో రెండుసార్లు, తెల్లటి గుడ్డకు మరక అంటనంతవరకు తుడవాలి. స్లాట్ల లోపల కూడా చూడండి, నూనె ముద్ద అక్కడే దాక్కుంటుంది.

డిస్కు పెట్టి, అన్ని నట్లూ వాషర్లతో బిగించి, డయల్ గేజ్ పెట్టండి. బయటి అంచుకు 10 మి.మీ. లోపల ముల్లు ఆనించి ఒక చుట్టు తిప్పాలి. ముల్లు చూపే ఈ ఊగుడు తేడానే రనౌట్ అంటారు, 0.05 మి.మీ. లోపు ఉంటే మంచిది.

వంపు వేన్‌లున్న (రెండు ముఖాల మధ్య గాలి తోడే రెక్కలున్న) డిస్కులైతే ఎడమ కుడి తేడా ఉంటుంది. డిస్కు పై భాగంలో చూస్తే వేన్‌లు మధ్య నుంచి అంచుకు వెళ్తూ కారు వెనక వైపుకు వాలి ఉండాలి. స్లాట్ల వంపు చూసి నిర్ణయించొద్దు, వేన్‌లు చూడండి. తిరగేసి బిగిస్తే గాలి సరిగా తోడదు, డిస్కు అనవసరంగా వేడెక్కుతుంది.

నాలుగో_గేర్

ధన్యవాదాలు. రనౌట్ 0.08 వచ్చిందనుకోండి, డిస్కు వాపస్ చేయాల్సిందేనా?

హబ్_ఫేస్

ముందే వాపస్ వద్దు. డిస్కును హబ్ మీద ఒక స్టడ్ అవతలికి తిప్పి మళ్లీ కొలవండి. హబ్‌లో ఉన్న తేడా, డిస్కులో ఉన్న తేడా ఒకచోట కలిసిపోతాయి, ఇంకోచోట ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అన్ని స్థానాలూ చూసి, తక్కువ వచ్చిన చోట హబ్ మీదా డిస్కు మీదా పెయింట్ పెన్‌తో గుర్తు పెట్టండి. ఎక్కడ పెట్టినా తగ్గకపోతే డిస్కు తీసేసి హబ్ ముఖం మీదే గేజ్ పెట్టి చూడండి, బేరింగ్ లేదా హబ్ తేడా అయి ఉండొచ్చు.

0.08తో కారు ఆ రోజే వణకదు. బ్రేక్ వేయనప్పుడు కూడా చుట్టుకొకసారి ప్యాడ్‌కు తగులుతూ అక్కడ అరుగుతుంది, పూత కూడా అసమానంగా పడుతుంది. కొన్నాళ్లకు మందంలో 0.02 తేడా వస్తుంది, అంత చాలు పెడల్‌లో తెలియడానికి.

పిస్టన్_సీల్

బ్రేక్ ఫ్లూయిడ్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను. ప్యాడ్లు కొత్తవంటే పిస్టన్లు లోపలికి తోస్తారు, రిజర్వాయర్ పొంగుతుంది, ముందే కొంచెం తీసేయండి. బిగించాక కారు కదపకముందే పెడల్ గట్టిపడేదాకా పంప్ చేయాలి. ఇది మరిచిపోతే మొదటి బ్రేకుకు పెడల్ నేలకు తగులుతుంది.

డాట్ 4 రకం ఫ్లూయిడ్‌కు ప్రమాణం ప్రకారం మరిగే ఉష్ణోగ్రత కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230, తేమ పీల్చుకున్నాక కనీసం 155 డిగ్రీలు. డాట్ 5.1కి 260, 180. బెడ్డింగ్ అంటే కావాలని వేడి పెంచడం. పాత ఫ్లూయిడ్‌తో అది మొదలుపెట్టకండి. ట్రాక్ కారుకు 300 దాటిన రేసింగ్ ఫ్లూయిడ్ పోసి, బ్లీడ్ చేసి (గొట్టాల్లోని గాలి తీసేసి), అప్పుడు బెడ్డింగ్‌కు వెళ్లండి. డాట్ 5 అనేది సిలికాన్, వీటితో కలవదు, పేరు చూసి పొరబడొద్దు.

ప్యాడ్లను పట్టుకునే కాలిపర్ పిన్నుల మీద జరిగే (ఫ్లోటింగ్) రకమైతే ఆ స్లైడ్ పిన్నులు తీసి తుడిచి, బ్రేకులకు వాడే సిలికాన్ గ్రీజు పల్చగా పట్టించండి. పిన్ను బిగుసుకుంటే లోపలి ప్యాడ్ ఒక్కటే పని చేస్తుంది. అప్పుడు డిస్కు ఒక ముఖానికి పూత, ఇంకో ముఖం వెండిలా మెరుస్తూ ఉంటుంది.

సెకండ్_అపెక్స్

ట్రాక్ మీద చేసే వరస నేను రాస్తాను. ప్యాడ్ తయారీదారు కాగితంలో వేరే ఏదైనా ఉంటే దాన్నే పాటించండి. కాంపౌండ్‌ను బట్టి ఇది మారుతుంది. కొన్ని ప్యాడ్లను ఫ్యాక్టరీలోనే కాల్చి పంపుతారు, వాటికి రెజిన్ పని సగం అయిపోయినట్టే. కానీ డిస్కు మీద పూత మాత్రం మీరే వేయాలి.

బ్రేకులకు గాలి తెచ్చే కూలింగ్ డక్టులుంటే వాటి నోళ్లను టేప్‌తో మూసేయండి, లేకపోతే వేడి నిలబడదు. సెషన్ మొదట్లో కాకుండా ట్రాఫిక్ పల్చబడ్డాక బయటికి వెళ్లండి. మీరు ఎవరూ ఊహించని చోట బ్రేక్ వేస్తారు కాబట్టి నిర్వాహకులకు ముందే చెప్పాలి, అద్దాలు చూడకుండా ఒక్క బ్రేకూ వేయకూడదు.

మొదటి ల్యాప్‌లో 100 నుంచి 50కి, అంత గట్టిగా కాకుండా ఆరేడుసార్లు. ఇక్కడ పెడల్ పట్టు తక్కువగా, కొయ్య మీద నొక్కినట్టు ఉంటుంది, కంగారు పడక్కర్లేదు. తర్వాత 130 నుంచి 60కి, మీ పూర్తి బలంలో సగంతో, ఎనిమిదిసార్లు. బ్రేకుకూ బ్రేకుకూ మధ్య 20 నుంచి 30 సెకన్లు. ఆపైన 160 నుంచి 60కి, బలం ముప్పాతికకు పెంచి, ఐదారుసార్లు. ఏబీఎస్ తగిలేంత ఎప్పుడూ వద్దు. ఏబీఎస్ కొట్టిందంటే ఒత్తిడి తునకలు తునకలుగా పడుతుంది, పూత కూడా అలాగే పడుతుంది.

కాలిన వాసన వస్తుంది, కొంచెం పొగ కూడా రావచ్చు. వరస మధ్యలో పట్టు తగ్గినట్టు అనిపిస్తే అది గ్రీన్ ఫేడ్. అప్పుడు ఇంకా గట్టిగా నొక్కకండి. వేగం తగ్గించి ఒక ల్యాప్ బ్రేక్ ముట్టుకోకుండా తిరిగి, ఒక మెట్టు కింది నుంచి మళ్లీ మొదలుపెట్టండి. పట్టు తిరిగి వచ్చి, నొక్కే బలం అంతే ఉన్నా కారు ముందుకన్నా గట్టిగా ఆగితే అక్కడే ఆపేయాలి. ఇంకో రెండు వేద్దాం అనుకోవద్దు.

చివరి బ్రేకు తర్వాత కనీసం ఒక పూర్తి ల్యాప్ బ్రేక్ లేకుండా, గేర్లతోనే వేగం తగ్గించుకుంటూ రండి. పిట్‌లో చివరి రెండు మీటర్లు మెల్లగా దొర్లించి ఆపాలి. హ్యాండ్ బ్రేక్ వద్దు, గేర్‌లో ఉంచి చక్రానికి అడ్డు పెట్టండి. డిస్కు చేతికి తగిలే చల్లదనానికి వచ్చేదాకా కారు అక్కడే ఉండాలి.

మూడో_మలుపు

ఇంత వరస ఎందుకన్నా, ఎడమ కాలు బ్రేక్ మీద కొంచెం ఆనించి ఒక ల్యాప్ లాగించేస్తే డిస్కు దానంతటదే వేడెక్కుతుంది కదా? రేసులో ఫార్మేషన్ ల్యాప్‌లో వాళ్లు చేసేది అదే.

ఇనుప_డిస్కు

వాళ్లు చేసేది ముందే బెడ్ అయిన ప్యాడ్లను, డిస్కులను వాటి పని వేడికి తేవడం. అప్పటికే ఉన్న పూతను వెచ్చబెట్టడం వేరు, కొత్తగా పూత వేయడం వేరు. కొత్త ప్యాడ్‌ను తక్కువ ఒత్తిడితో ఎక్కువసేపు ఆనిస్తే ముఖం మాత్రమే కాలుతుంది, లోపలికి వేడి సమానంగా దిగదు. రెజిన్ పైకి వచ్చి అద్దంలా గట్టిపడుతుంది. అదే గ్లేజింగ్. పైగా వేడి డిస్కు నుంచి హబ్‌కూ, కాలిపర్‌కూ, అక్కడి నుంచి ఫ్లూయిడ్‌కూ పాకుతుంది. విడతలుగా గట్టిగా నొక్కి వదిలేస్తే ఆ మధ్యలో ముఖం మీది వేడి డిస్కు మందంలోకి సర్దుకుంటుంది.

మూడో_మలుపు

అర్థమైంది. గ్లేజ్ అయిపోయిన ప్యాడ్లను పారేయాలా మరి?

ఇనుప_డిస్కు

పైపైన అయితే కాపాడుకోవచ్చు. చదునైన అద్దం పలక మీద 120 నంబరు గరుకు కాగితం పెట్టి, ప్యాడ్ ముఖాన్ని ఎనిమిది అంకె ఆకారంలో రుద్దండి. మెరుపు పోయి మట్టి రంగు వచ్చేదాకా చాలు. డిస్కును కూడా రుద్ది, మొదటి నుంచి బెడ్డింగ్ చేయాలి. ప్యాడ్ అంచుల్లో పగుళ్లు లోపలికి పోయినా, ముఖం పొడిపొడిగా రాలుతున్నా అది పైపై సంగతి కాదు, మార్చేయండి. ధూళి పీల్చకుండా మాస్క్ పెట్టుకోండి.

పిస్టన్_సీల్

వెనక పాత డిస్కుల ప్రశ్న అలాగే ఉండిపోయింది. మందం ముందు కొలవండి. డిస్కు బొడిపె మీద గానీ అంచు మీద గానీ కనీస మందం పోత పోసి ఉంటుంది, దానికి దగ్గరపడితే మార్చేయడమే. అంచున గట్టు లేచి ఉంటే కొత్త ప్యాడ్ ఆ గట్టు మీద కూర్చుంటుంది, అప్పుడు కూడా మార్చాలి లేదా లేత్ మీద తిప్పించాలి.

మందం ఉంటే రుద్దడం చాలు. రోడ్డు ప్యాడ్ పూత మీద ట్రాక్ ప్యాడ్ పూత సరిగా కూర్చోదు, రెండు కాంపౌండ్లు కలిసి మచ్చలు మచ్చలుగా పడతాయి. గార్నెట్ కాగితం, 80 నుంచి 120 నంబరు, చెక్క దిమ్మకు చుట్టి, డిస్కు తిప్పుతూ అడ్డదిడ్డంగా గీతలు పడేలా రుద్దండి. నీలి బూడిద రంగు పూర్తిగా పోయి, పచ్చి ఇనుము రంగు కనిపించాలి. రెండు ముఖాలూ చేయాలి. లోపలి ముఖం కనపడదని వదిలేస్తారు, అందుకే డిస్కు విప్పి బల్ల మీద పెట్టుకోవడం మేలు.

ముందు డిస్కులకు ఎవరైనా "పాత ప్యాడ్లతో కొన్ని ల్యాపులు తిప్పి, డిస్కు అలవాటయ్యాక కొత్త ప్యాడ్లు వేయి" అని చెప్తారు. ఆ సలహా మంచిదే, కానీ రెండు ప్యాడ్లదీ ఒకే కాంపౌండ్ అయినప్పుడు మాత్రమే. మీ పాతవి రోడ్డు ప్యాడ్లు కాబట్టి మీకు పనికిరాదు.

సెకండ్_అపెక్స్

వెనక గురించి ఇంకొకటి. వెనక బ్రేకులకు పని తక్కువ, అందుకే ముందు పూత కుదిరినప్పటికి వెనక సగంలోనే ఉంటుంది. బయాస్ (ముందు, వెనక బ్రేకుల మధ్య బలం పంపకం) సర్దే మీట ఉన్న కారైతే కొందరు వెనక కోసం దాన్ని కొంచెం వెనక్కి జరుపుతారు. తిన్నటి చోట, తక్కువ బలంతో మాత్రమే చేయాలి, వెనక చక్రాలు ముందు లాక్ అయితే కారు తిరిగిపోతుంది. అది లేని కారులో రెండో సెషన్ మొదటి రెండు మూడు ల్యాపులు కూడా వెనక కోసమే అనుకుని నెమ్మదిగా బలం పెంచుకుంటూ పోవడమే దారి.

స్టెబిలిటీ కంట్రోల్ ఆన్‌లో ఉంటే మలుపుల్లో అది తనంతట తాను ఒక్కో చక్రానికి బ్రేక్ వేస్తుంది. బెడ్డింగ్ వరసంతా స్ట్రెయిట్‌లో చేయమనేది అందుకే.

థర్మల్_పెయింట్

ఇంతవరకు అందరూ 400, 500 అన్నారు, కొలవడం ఎలాగో చెప్పలేదు.

ఐఆర్ గన్‌ను నమ్మకండి. డిస్కు ముఖం మెరుస్తూ ఉంటే అది తక్కువ చూపిస్తుంది, పైగా మీరు పిట్‌కు వచ్చేసరికి 100 డిగ్రీలకు పైగా పడిపోయి ఉండొచ్చు. ఎడమ కుడి పోల్చడానికి మాత్రం పనికొస్తుంది. రెండింటి మధ్య 50 డిగ్రీల తేడా ఉంటే ఒక వైపు పిస్టన్ గానీ స్లైడ్ పిన్ను గానీ ఇరుక్కుందని అనుమానించండి.

గరిష్ఠ వేడి తెలియాలంటే డిస్కు బయటి అంచున థర్మల్ పెయింట్ మూడు గీతలు గీయండి. మామూలుగా దొరికే సెట్‌లో ఆకుపచ్చ 430 డిగ్రీల దగ్గర, నారింజ 560 దగ్గర, ఎరుపు 610 దగ్గర రంగు మారతాయి. బెడ్డింగ్ తర్వాత ఆకుపచ్చ తెల్లబడి, నారింజ అలాగే ఉంటే సరిగ్గా కావలసిన చోట ఆగారన్నమాట. ఆకుపచ్చ కూడా మారకపోతే వేడి చాలలేదు. ఎరుపు మారిందంటే బెడ్డింగ్‌లోనే దాటేశారు.

పెయింట్ లేకపోతే ప్యాడ్ పక్క అంచు చూడండి. డిస్కుకు తగిలే ముఖం నుంచి రెండు మూడు మి.మీ. వరకు లేత బూడిద రంగు గీత కనిపించాలి. లోపలి ప్యాడ్‌లోనూ బయటి ప్యాడ్‌లోనూ ఆ గీత ఒకే ఎత్తులో ఉండాలి.

హబ్_ఫేస్

డిస్కు ముఖం ఎలా ఉండాలో కూడా చెప్పాలి. లోపలి అంచు నుంచి బయటి అంచు దాకా ఒకే నీలి బూడిద, మెరుపు తక్కువ. వేలితో తడిమితే నున్నగా ఉండాలి. ఒకచోట ముదురు, పక్కన లేత, లేదా ప్యాడ్ ఆకారంలో మచ్చ కనిపిస్తే పూత అసమానం. ప్యాడ్ ఆకారపు మచ్చ అంటే వేడి డిస్కు మీద ఎవరో పెడల్ నొక్కి కారు ఆపి ఉంచారు.

ఆ మచ్చను చూసీ చూడనట్టు వదిలేస్తే అక్కడ మందం ఎక్కువ, ప్రతి చుట్టుకూ అక్కడ ఎక్కువ ఒరుసుకుని ఎక్కువ వేడెక్కుతుంది. ఆ చోట 650 డిగ్రీలు దాటిందంటే పోత ఇనుములో సిమెంటైట్ ఏర్పడుతుంది. అది చుట్టూ ఉన్న ఇనుముకన్నా గట్టిది, తక్కువ అరుగుతుంది, అందుకే వణుకు రోజురోజుకూ పెరుగుతుంది. డిస్కు వంకరపోయిందని చాలామంది అనేది చాలాసార్లు ఇదే. మొదట్లోనే గార్నెట్ కాగితంతో రుద్ది మళ్లీ బెడ్ చేస్తే పోతుంది. సిమెంటైట్ దాకా వచ్చాక రుద్దినా, తిప్పించినా తిరిగి వస్తుంది, డిస్కు మార్చాలి.

నాలుగో_గేర్

చాలా స్పష్టమైంది, అందరికీ ధన్యవాదాలు. అయితే నా ప్లాన్ ఇది: వెనక డిస్కులు రుద్దుతాను, రనౌట్ చూస్తాను, ఫ్లూయిడ్ మారుస్తాను. మొదటి సెషన్ మొత్తం బెడ్డింగ్. మధ్యాహ్నం నుంచి మామూలు సెషన్లు. ఆ తర్వాత ఇంటికి అవే ప్యాడ్లతో రోడ్డు మీద 80 కిలోమీటర్లు నడుపుకుంటూ వెళ్లిపోతాను. ఏమైనా తప్పిపోయిందా?

సెకండ్_అపెక్స్

రెండు చేర్చండి. మొదటి సెషన్ అయ్యి డిస్కులు చల్లబడ్డాక డక్టుల టేప్ తీసేయాలి. మరిచిపోయి మామూలు సెషన్‌కు వెళ్తే ఇంత కష్టపడి వేసిన పూత మూడు ల్యాపుల్లో మాడిపోతుంది. వీల్ నట్లు కూడా చల్లబడ్డాకే టార్క్ రెంచ్‌తో నక్షత్రం వరసలో మళ్లీ చూసుకోండి.

పిస్టన్_సీల్

ఆ 80 కిలోమీటర్ల దగ్గరే నాకు అభ్యంతరం. ట్రాక్ ప్యాడ్ చల్లగా ఉన్నప్పుడు పూతను నిలబెట్టదు, గీకేస్తుంది. ఒక్క ప్రయాణానికి మొత్తం పోకపోవచ్చు, కానీ వచ్చేసారి ట్రాక్ మీద మొదటి ల్యాపుల్లో వణుకు రావచ్చు. చల్లటి ప్యాడ్‌తో మొదటి బ్రేకుకు పట్టు కూడా తక్కువ, రోడ్డు మీద అది ప్రమాదం. వీలైతే ట్రాక్ దగ్గరే ప్యాడ్లు మార్చి రోడ్డువి వేసుకోండి. రోడ్డు ప్యాడ్ల పూత కూడా డిస్కుకు అంటుతుంది కాబట్టి తిరిగి ట్రాక్ ప్యాడ్లు వేసేటప్పుడు గార్నెట్ కాగితం మళ్లీ తప్పదు. రెండింటికీ వేర్వేరు డిస్కుల జతలుంటే ఆ పని ఉండదు. ట్రెయిలర్ ఉంటే ఈ గొడవే లేదు.

తీసిన ప్యాడ్ల వెనక ప్లేటు మీద పెయింట్ పెన్‌తో ఎడమ ముందు లోపలి, ఎడమ ముందు బయటి అని రాసుకోండి. ఒక్కో ప్యాడ్ తన డిస్కు ముఖానికి తగ్గట్టు అరిగి ఉంటుంది. చోట్లు మారితే ఎదురు ముఖంతో మళ్లీ సర్దుకునేదాకా పూర్తి వెడల్పు తగలదు.

నాలుగో_గేర్

ట్రాక్ ప్యాడ్లు అవే ఉంచి, వచ్చేసారి కొద్దిగా వణుకు వస్తే మొత్తం వరస మళ్లీ చేయాలా?

ఇనుప_డిస్కు

అక్కర్లేదు. ప్యాడ్‌లో రెజిన్ పని ఒకసారి అయిపోయింది, అది మళ్లీ ఉండదు. 130 నుంచి 60కి నాలుగైదు, 160 నుంచి 60కి మూడు నాలుగు, తర్వాత చల్లబరిచే ల్యాప్. వణుకు ప్రతి బ్రేకుకూ తగ్గుతూ వస్తే పూత తిరిగి కుదురుతోందని. నాలుగో గట్టి బ్రేకుకు కూడా తగ్గకపోతే పిట్‌కు వచ్చి డిస్కు ముఖం చూడండి, మచ్చలుంటే రుద్దాల్సిందే.